ఒకటిన్నర వోల్టు నిప్పుకణిక
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభ అంటే డి.ఎ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్. ఈ మూడింటినీ ముట్టుకోకుండా మైకు వదిలినవాడు లేడు. వాటి సంగతి నా ముందు మాట్లాడిన పెద్దలు సమగ్రంగా చెప్పారు కాబట్టి నాకు ఆ శ్రమ తప్పింది. కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. "మన మనవల చేతుల్లోకి యంత్రపు బొమ్మలు వస్తున్నాయండీ. వాటి గురించి నాలుగు మాటలు చెప్పండి. డబ్బులు వెళ్ళేది మన పెన్షన్లోంచేగా!" అన్నారు. (నవ్వులు)

అలాంటి బొమ్మల్లో ఇవాళ నేను ఎంచుకున్నది తాడు కట్టి గుండ్రంగా తిప్పే పందెం కారు. అందులోనూ దాని ఇంజనును రగిలించే గ్లో ప్లగ్గు. కారు పెద్ద సంగతి, ప్లగ్గు చిన్న సంగతి అనుకుంటాం. ఇంట్లో గొడవ తెచ్చేది మాత్రం ఆ చిన్నదే. దానికి కరెంటు ఎంత ఇవ్వాలి, ఎంతసేపు ఇవ్వాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్నవి తెలియక పిల్లలు వరసగా ప్లగ్గులు మాడ్చేస్తారు. "ఇదొక దండగ ఆట" అని పెద్దలు తీర్మానం చేసేస్తారు. పిల్లవాడి చెయ్యి అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగకూడదని నా కోరిక.

నేను ఇంజనీరును కాను, గుమస్తాను. పాడేరు, చింతపల్లి, అరకు వైపు కార్యాలయాల్లో పని చేసినన్నాళ్ళూ జీపు లాగ్ బుక్కు రాయడం, డీజిలు ఇండెంటు పెట్టడం నా వంతు. అందువల్ల ఇంజన్ల గొడవ కొంత చెవిన పడింది. మిగతాది రిటైరయ్యాక చదువుకున్నది, చేసి చూసినది.

ముందు కారు సంగతి. కళ్ళంలో నడుమ గుంజ పాతి, ఎద్దులను కట్టి, చుట్టూ తిప్పి నూర్చడం మీరందరూ చూసినదే. ఈ కారుదీ అదే పద్ధతి. మధ్యన గట్టి స్తంభం, దానికి ఉక్కు తీగ, తీగ చివర కారు. తోలేవాడు లేడు, తిప్పే చక్రం లేదు. అమెరికాలో 1930లలో మొదలై తర్వాత యూరప్ దేశాలకు పాకిన ఆట ఇది. అంతర్జాతీయ పోటీల్లో వలయం అడ్డుకొలత 19.9 మీటర్లు. ఎనిమిది చుట్లు తిరిగితే అర కిలోమీటరు. ఇంజను పరిమాణాన్ని బట్టి ఒకటిన్నర సి.సి. నుంచి 10 సి.సి. దాకా తరగతులున్నాయి. పెద్ద తరగతి కార్లు గంటకు 300 కిలోమీటర్లు దాటుతాయి. ఆ వేగంలో ఒక చుట్టుకు పట్టేది ముప్పావు సెకను. మనం "అదిగో" అనేలోగా మన ముందు నుంచి వెళ్ళి మళ్ళీ మన ముందుకు వచ్చేస్తుంది. పాత గుమస్తా అలవాటు కొద్దీ నేనొక లెక్క వేశాను. మూడు కిలోల కారు ఆ వేగంతో తిరుగుతుంటే తీగ మీద పడే లాగుడు రెండు క్వింటాళ్ళ పైమాటే. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర దీనితో పని ఉంది.

మన దేశంలో దీనికి తోబుట్టువు లాంటిది కంట్రోల్ లైన్ విమానం. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్పుతారు. క్యాడెట్ మధ్యన నిలబడి రెండు సన్నని తీగలతో బొమ్మ విమానాన్ని తన చుట్టూ తిప్పుతాడు. మన పిల్లలకు గ్లో ప్లగ్గుతో తొలి పరిచయం ఎక్కువగా అక్కడే. కారయినా, విమానమయినా ప్లగ్గు ఒకటే కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది రెండింటికీ పనికొస్తుంది.

మొదట్లో ఈ బొమ్మ ఇంజన్లకు మోటారు సైకిల్‌కు ఉన్నట్టే స్పార్క్ ప్లగ్గు ఉండేది. నిప్పురవ్వ పుట్టాలంటే బ్యాటరీ, కాయిల్, కండెన్సరు, పాయింట్లు అన్నీ కావాలి. చిన్న బండి ఆ సామానంతా వీపున మోసుకొని పరుగెత్తాలి. పెళ్ళికి వెళ్తూ వంటపాత్రలన్నీ నెత్తిన పెట్టుకున్నట్టు. అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన 1947లో గ్లో ప్లగ్గును బజారులోకి తెచ్చారు. దానితో ఆ బరువంతా దిగిపోయింది. బ్యాటరీ నేల మీదే ఉంటుంది. రగిలించేవరకే దానితో పని.

బ్యాటరీ తీసేశాక నిప్పు ఎలా నిలుస్తుంది? ప్లగ్గు అడుగున ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటుంది. వేడెక్కిన ప్లాటినం తీగను మండే వాయువు, గాలి కలిసిన చోట ఉంచితే మంట లేకుండానే అది ఎర్రగా కాలుతూ ఉంటుందని హంఫ్రీ డేవీ 1817లోనే గమనించారు. బొమ్మ ఇంజనులో పోసేది పెట్రోలు కాదు, మిథనాల్. సాధారణంగా నాలుగు పాళ్ళ మిథనాల్‌కు ఒక పాలు ఆముదం కలుపుతారు. అవును, మన అమ్మలు తలకు పెట్టిన ఆముదమే. ఇంజను అరిగిపోకుండా చూసేది అదే. మిథనాల్ ఆవిరి ప్లాటినం మీద తగలగానే చర్య జరిగి వేడి పుడుతుంది. దానికి సిలిండర్లో గాలి నొక్కుకున్న వేడి, వెనకటి మంట వేడి తోడవుతాయి. ఒక చుట్టు నుంచి మరో చుట్టుకు ఆ కణిక ఆరకుండా ఉంటుంది. నివురు కప్పిన కుంపటిని రాత్రంతా నిలిపి తెల్లవారి మళ్ళీ పొయ్యి రగిలించే ఇల్లాలి నేర్పు ఇది.

ఇదే కుటుంబానికి చెందిన పెద్ద ప్లగ్గును మనలో చాలామంది చూసే ఉంటారు. డీజిలు జీపులో డ్రైవర్లు "హీటర్ ప్లగ్గు" అనేది అదే. డీజిలు ఇంజనులో గాలి గట్టిగా నొక్కుకొని, ఆ వేడికే నూనె అంటుకుంటుంది. కానీ లంబసింగి, చింతపల్లి పుష్యమాసపు తెల్లవారుజామున ఇంజను ఇనుమంతా మంచులా ఉండి ఆ వేడిని తాగేస్తుంది. అప్పుడు హీటర్ ప్లగ్గుతో ముందుగా లోపల వెచ్చజెయ్యాలి. ఇక్కడ ప్లాటినం మాయ లేదు, ఉత్త వేడే. ఇంజను అందుకున్నాక ప్లగ్గుకు పని లేదు. జీపును ఎప్పుడూ పల్లానికి ముఖం పెట్టి నిలపడం మన కొండ డ్రైవర్ల ఆచారం. సెల్ఫ్ పట్టకపోతే దొర్లించి స్టార్టు చేయవచ్చని. అయితే చలి మరీ ఎక్కువైతే దొర్లినా ప్రయోజనం ఉండదు, లోపల వెచ్చదనం ఉండాల్సిందే.

ఒక జనవరి రాత్రి, చింతపల్లి వైపు ఒక గూడెం నుంచి పురుటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. ఆ చుట్టుపక్కల ఉన్న బండి మా ఆఫీసు జీపొక్కటే. హీటర్ స్విచ్చి తిప్పితే డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న తీగచుట్ట ఎర్రబడాలి. అది నల్లగానే ఉంది. ఆ కాలపు చాలా ఇంజన్లలో నాలుగు ప్లగ్గులూ ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉండేవి. మా డ్రైవరు బానెట్ ఎత్తి, "ఒకటి సచ్చిపోతే నాలుగూ సచ్చినట్టేనండి గుమస్తాగారూ. ఒకే దారాన గుచ్చిన పూసలండి ఇవి" అన్నాడు. నన్ను టార్చి పట్టుకోమని, ఒక తీగముక్క తీసుకొని ఒక్కో ప్లగ్గునూ దాటించి చూశాడు. మూడోదాన్ని దాటించగానే డ్యాష్‌బోర్డు మీది చుట్ట వెలిగింది. ఆ తీగను అక్కడే బిగించాడు. నేను మామూలు ప్రకారం ముప్పయి దాకా లెక్కపెడుతున్నాను. అతను పదిహేను దగ్గరే ఆపేశాడు. "నలుగురి కూడు ముగ్గురు తింటన్నారండి. ఎక్కువ పెడితే అవీ పోతాయి" అన్నాడు. జీపు అందుకుంది. ఆ రాత్రి తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. బడిలో చదివిన వోల్టులూ ఆంపియర్లూ నాకు బోధపడింది ఆ ఒక్క మాటతోనే.

ఇక అసలు లెక్కకు వద్దాం. బొమ్మ ఇంజను గ్లో ప్లగ్గుకు కావలసింది ఒకటిన్నర వోల్టు. కానీ కరెంటు మాత్రం సుమారు 3 ఆంపియర్లు తాగుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. వోల్టులు తక్కువ కదా, గడియారంలో వేసే పెన్ను సెల్ చాలదా అంటారు. ఆ సెల్ మీద ఒకటిన్నర అని రాసి ఉన్న మాట నిజమే. ప్లగ్గు తగిలించగానే నీరసపడిపోతుంది. పాసుపుస్తకంలో నిల్వ కనిపిస్తుంది, కౌంటరు దగ్గర నగదు లేదంటారు. అలాంటిదన్నమాట. (నవ్వులు)

మరికొందరు దీనికి ఎదురు దిక్కు. ఇంట్లో స్కూటరు బ్యాటరీ ఉంది, కారు బ్యాటరీ ఉంది, దాన్నే తగిలిద్దామంటారు. అది 12 వోల్టులు, అంటే ఎనిమిది రెట్లు. వేడి ఎనిమిది రెట్లు కాదు, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు రెట్లు పుట్టబోతుంది. వెంట్రుక లాంటి తీగ ఒక్క క్షణంలో తెగిపోతుంది. ఇప్పుడు సెల్‌ఫోన్ల కాలం కదా, లిథియం సెల్లు ప్రతి ఇంట్లోనూ దొరుకుతున్నాయి. దాని వోల్టేజి 3.7. నేరుగా తగిలిస్తే అదీ ప్లగ్గును మాడుస్తుంది. వేరే సర్క్యూటు పెట్టి వోల్టేజి తగ్గించి ఇచ్చే పరికరాలు వచ్చాయి, అవి వాడుకోవచ్చు.

మంచి మార్గం ఏమిటంటే, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే నికెల్ సెల్ ఒకటి, లావుపాటిది. దాని వోల్టేజి 1.2. కాస్త తక్కువే అయినా ఆంపియర్లు ధారాళంగా ఇస్తుంది, వోల్టేజి కుంగదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్క గది మాత్రమే వాడితే 2 వోల్టులు. అది కొంచెం ఎక్కువ కనుక మధ్యలో కొంత నిరోధం పెట్టి వాడతారు.

తీగల సంగతి కూడా చెప్పాలి. సన్నని తీగ, బారెడు పొడవు, తుప్పు పట్టిన క్లిప్పు, అన్నీ కలిసి పదో వంతు ఓమ్ నిరోధం చేశాయనుకోండి. 3 ఆంపియర్లు పారితే 0.3 వోల్టు దారిలోనే పోయింది. అంటే ఒకటిన్నరలో ఐదో వంతు. పైన మంజూరైన సొమ్ము కింద లబ్ధిదారుకు చేరేసరికి ఎంతవుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. (నవ్వులు) అందుకే తీగ లావుగా, పొట్టిగా ఉండాలి, క్లిప్పు గట్టిగా పట్టాలి. ఒక కొస ప్లగ్గు తల మీద, రెండోది ప్లగ్గు ఒంటికి లేదా ఇంజను లోహానికి. ఇది ఉత్త వేడి తీగే కాబట్టి ప్లస్సు, మైనస్సు అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

ప్లగ్గు బాగుందో లేదో తెలుసుకోవడానికి దాన్ని విప్పి బయట తగిలించి చూడాలి. ఒకటి రెండు సెకన్లు చాలు. నారింజ రంగులో కాంతిగా వెలిగితే సరిపోయింది. మసక ఎరుపయితే సెల్ నీరసంగా ఉంది. తెల్లగా మెరిస్తే కరెంటు ఎక్కువైంది, వెంటనే తీసెయ్యాలి. అసలు వెలగకపోతే ముందు క్లిప్పు చూడాలి, తర్వాత సెల్ చూడాలి, ఆఖరున ప్లగ్గును అనుమానించాలి. ఈ క్రమం పాటిస్తే సగం ప్లగ్గులు చెత్తబుట్ట పాలు కాకుండా మిగులుతాయి.

పోటీ కారును బయలుదేరదీసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఒకతను పొడవాటి కర్రతో కారును వెనక నుంచి తోస్తూ వలయం వెంట పరుగెడతాడు. ప్లగ్గుకు కరెంటు ఆ కర్ర ద్వారానే అందుతుంది. ఇంజను అందుకోగానే కారు తానే కర్రను విడిపించుకొని ముందుకు దూకుతుంది. ఆ క్షణంతో బ్యాటరీకీ కారుకూ సంబంధం తీరిపోతుంది. కణిక తనంతట తాను నిలుస్తుంది. ఇంకా అంటిపెట్టుకొని పరుగెత్తితే పడేది మనమే.

ఇక మన అరకు సంగతి. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ సముద్రతీరంతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. గాలి పలచన అయినప్పుడు ఇంధనమూ ఆ మేరకు తగ్గాలి. విశాఖలో చక్కగా నడిచిన ఇంజనుకు అదే లెక్కన ఇక్కడ ఇంధనం వదిలితే ముక్కుతుంది, ప్లగ్గు తడిసి చల్లారుతుంది. నీడిల్ వాల్వును కొంచెం బిగించి, విని, మళ్ళీ సరిచూసుకోవాలి. తప్పు ప్లగ్గుది కాదు, ఘాట్ రోడ్డుది.

రెండోది చలి. మిథనాల్ సుమారు 11 డిగ్రీల కంటే చల్లబడితే అంటుకోవడానికి సరిపడా ఆవిరి ఇవ్వదు. ఇక్కడ డిసెంబరు, జనవరి ఉదయాలు అంతకంటే చల్లగా ఉండటం మామూలే. సెల్ కూడా చలికి ముడుచుకొని తక్కువ కరెంటు ఇస్తుంది. ఇంధనమూ సెల్లూ ఒకేసారి మొరాయిస్తాయన్నమాట. మందు సులభం. సెల్‌ను చొక్కా లోపలి జేబులో పెట్టుకొని వెచ్చగా ఉంచాలి. పొద్దెక్కి ఎండ వచ్చేదాకా ఆగాలి. ఇంధనాన్ని మంట దగ్గర పెట్టి వేడి చేయాలన్న ఆలోచన మాత్రం కలలోకి కూడా రానివ్వకండి. మరో మాట, మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మన వానాకాలపు పొగమంచులో మూత వదులుగా ఉంటే వారం తిరిగేసరికి అందులో నీళ్ళు చేరతాయి.

ఈ సెల్ గురించి తలచుకున్నప్పుడు నాకు ఇంకో విషయం గుర్తొస్తుంది. మన పక్కనే మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. కొండ మీద పుట్టిన కరెంటు దిగువకు వెళ్ళింది. మన గూడేల్లో మాత్రం చాలాకాలం కరెంటంటే టార్చిలైటు సెల్లే, ట్రాన్సిస్టరు సెల్లే. సంతకు వచ్చినవారు ఉప్పుతో పాటు సెల్లు కొనుక్కునేవారు. నీరసపడ్డ సెల్లను ఎండలో పెట్టి ఇంకో రెండు రాత్రులు వాడుకునేవారు. వెచ్చబడితే సెల్ కాస్త కోలుకుంటుందని పుస్తకం చదవకుండానే వాళ్ళకు తెలుసు. అలాంటి ఇళ్ళ పిల్లలకు ఈ విద్య కష్టం కాదు. చూపించేవారు కావాలి, అంతే.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. ఆడవాళ్ళు, పిల్లలు కూడా వినాలి. మిథనాల్ విషం. చూడటానికి నీళ్ళలా ఉంటుంది, వాసనకు సారాలా అనిపిస్తుంది. కడుపులోకి వెళితే శరీరం దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది కంటి నరాన్ని తినేస్తుంది, ప్రాణం కూడా తీస్తుంది. కొద్దిపాటి మోతాదుకే చూపు పోవచ్చు. తాగిన వెంటనే ఏమీ తెలియకపోవచ్చు. కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు గడిచాక చూపు మసకబారుతుంది. అందుకే "బాగానే ఉన్నాడుగా" అని చూస్తూ కూర్చోకూడదు. అనుమానం వచ్చిన మరుక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళి, తాగింది మిథనాల్ అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. సమయానికి చేరితే వైద్యం ఉంది. ఈ ఇంధనాన్ని కూల్‌డ్రింక్ సీసాలోనో, బ్రాందీ సీసాలోనో పోసి ఉంచడం నేరంతో సమానం. దాని డబ్బాలోనే ఉంచి, "విషం" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, తాళం వేయాలి. తాళంచెవి తాతగారి దగ్గర ఉండాలి. మనకు స్టోర్సు తాళాలు కాపాడిన అనుభవం ఉంది కదా!

దీని మంట పగటివేళ దాదాపు కంటికి కనబడదు. చేతికి తగిలితేనే తెలుస్తుంది. కాబట్టి ప్లగ్గుకు కరెంటు ఉన్నంతసేపూ ఇంధనం పోయకూడదు. పక్కన తడిగుడ్డ, బకెట్టు నీళ్ళు ఉండాలి. ఇక తీగ మీద రెండు క్వింటాళ్ళ లాగుడని ఇందాక చెప్పాను. పోటీ మైదానాల్లో చుట్టూ బలమైన కంచె లేకుండా కారు వదలరు. బడి ఆవరణలో, గుడి ముందర, సంత మైదానంలో వేగపు కారు తిప్పనివ్వకండి. నేర్చుకునే పిల్లలు ఇంజనును బల్లకు బిగించి, పెద్దల సమక్షంలో రగిలించి ఆపడం దగ్గర మొదలుపెట్టాలి. ఆ పైన తెలిసినవారి పర్యవేక్షణలో కంట్రోల్ లైన్ విమానం ఎగరెయ్యవచ్చు.

"ఇంతా చేసి దీనివల్ల ఏం ఒరుగుతుంది?" అని ఎవరైనా అడగవచ్చు. వోల్టు వేరు, ఆంపియరు వేరు అని చేతితో తెలుసుకున్న పిల్లవాడు రేపు పంపుసెట్టు ముందు, సోలారు పలక ముందు, ఆసుపత్రి జనరేటరు ముందు బిక్కమొహం వెయ్యడు. ఏది పోయిందో వరసగా వెతికే అలవాటు మార్కుల జాబితాలో కనబడదు గాని, చీకటి రాత్రి ఒక ప్రాణాన్ని కాపాడుతుంది. అది నేను కళ్ళారా చూశాను.

మనలో సైన్సు మాస్టార్లున్నారు, విద్యుత్ శాఖలో లైనుమెన్‌గా చేసినవారున్నారు, వర్క్‌షాపుల్లో చేసినవారున్నారు. నెలకొక ఆదివారం రెండు గంటలు కేటాయిస్తే చాలు. ఒక బల్ల, ఒక నికెల్ సెల్, రెండు లావుపాటి తీగలు, ఒక ప్లగ్గు ఉంటే ఇంధనం చుక్క లేకుండానే మొదటి పాఠం చెప్పవచ్చు. కణిక నారింజ రంగులో వెలగడం పిల్లలు చూస్తారు. ఎప్పుడు తగిలించాలో, ఎప్పుడు తీసెయ్యాలో నేర్చుకుంటారు. ఈ ప్రతిపాదనను కార్యవర్గం వచ్చే సమావేశపు ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను. బల్ల, సెల్ నేను తెస్తాను.

 బయట భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఇంక నా స్విచ్చి నేనే ఆపేస్తాను. సెలవు. జై హింద్.